పెద్ద క్యాట్‌ఫిష్ ట్యాంకుకు ఫ్లూవల్ ఎఫ్‌ఎక్స్6 ఫిల్టర్: ఏ సైజు వరకు సరిపోతుంది?

రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ పిల్ల అంగడిలో 5 నుంచి 8 సెంటీమీటర్లు ఉంటుంది. అప్పుడు ఏ చిన్న ఫిల్టర్ పెట్టినా నీళ్లు తేటగానే కనిపిస్తాయి. వేగంగా పెరిగి, ఏడాది తిరిగేసరికి అది మూరెడు చేప అవుతుంది. అప్పటికి నీళ్లు మసకబారుతుంటాయి, పెంచేవాళ్లు పెద్ద ఫిల్టర్ కోసం వెతుకుతుంటారు. ఆ వెతుకులాటలో ముందుగా తగిలే పేరు హేగెన్ కంపెనీ వారి ఫ్లూవల్ ఎఫ్‌ఎక్స్6. ఇళ్లలో వాడే కానిస్టర్ ఫిల్టర్లలో, అంటే ట్యాంకు బయట ఉండి గొట్టాలతో నీళ్లు లాగి వడకట్టే మూత డబ్బాల్లో, ఇది పెద్దది, గట్టిది. అయితే "1500 లీటర్ల ట్యాంకు వరకు" అన్న కంపెనీ మాట ట్యాంకులోని నీళ్లను బట్టి చెప్పింది, అందులోని చేపను బట్టి కాదు. ఈ సమీక్ష చేప వైపు నుంచి చూసి రాసింది.

తీర్పు ముందే చెప్పేస్తే: 1000 లీటర్ల ట్యాంకులో ఒక్క రెడ్‌టెయిల్, 45 సెంటీమీటర్ల పొడవు వరకు, ఒక ఎఫ్‌ఎక్స్6 చక్కగా మోస్తుంది. అది దాటాక రెండోది కావాలి, లేదా సంప్ (ట్యాంకు కింద పెట్టే వడపోత తొట్టి) కట్టాలి. 70–80 సెంటీమీటర్లకు చేరిన చేపకు కానిస్టర్ అన్న పద్ధతే చాలదు. టైగర్ షవల్‌నోజ్ క్యాట్‌ఫిష్‌కు, ఇరిడిసెంట్ షార్క్ పేరుతో అమ్మే పంగాసియస్ క్యాట్‌ఫిష్‌కు కూడా లెక్క దాదాపు ఇదే.

ముందు ఫిల్టర్ కొలతలు. పంపు ఒక్కటే గంటకు 3500 లీటర్లు తోడుతుందని కంపెనీ చెబుతుంది. లోపల మీడియా, అంటే వడపోత సామగ్రి, నింపి, గొట్టాలు తగిలించాక మిగిలేది 2130 లీటర్లు. ఈ రెండో అంకె కూడా కంపెనీదే. కొనేవాళ్లు నమ్మాల్సింది దీన్నే. 1000 లీటర్ల ట్యాంకులో నీళ్లు గంటకు రెండుసార్లు తిరుగుతాయన్నమాట. స్పాంజ్‌కు మురికి పట్టేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. డబ్బాలో 20 లీటర్ల నీళ్లు పడతాయి. బ్యాక్టీరియా పెరగడానికి వేసే బయో మీడియాకు ఉన్న చోటు 5.9 లీటర్లు. ఎత్తు సుమారు 53 సెంటీమీటర్లు, వెడల్పు సుమారు 40. పైన గొట్టాలు వంగడానికి కూడా జాగా వదలాలి కాబట్టి మామూలు స్టాండు అరలో ఇది పట్టదు, కొనే ముందే టేపు పెట్టి కొలుచుకోవాలి. కరెంటు ఖర్చు 40 వాట్ల పైచిలుకు, అంటే రోజుకు దాదాపు ఒక యూనిట్. ఇంత పనికి ఇది తక్కువే.

దీని పంపుకు ఒక అలవాటుంది. ఆన్ చేశాక కాసేపు తిరిగి ఆగిపోతుంది. లోపల చిక్కిన గాలి పైకి పోయేదాకా ఆగి, రెండు నిమిషాల తర్వాత మళ్లీ తిరుగుతుంది. ఆ తర్వాత ప్రతి 12 గంటలకు ఒకసారి ఇలాగే ఆగి గాలి వదులుతుంది. ఇది తెలియనివాళ్లు పాడైందనుకుని ప్లగ్గు పీకి పెడుతుంటారు, దాంతో గాలి వదిలే పని మళ్లీ మొదటికొస్తుంది. అది ఆగినప్పుడు ముట్టుకోకండి. గాలి పోయాక కూడా గరగర చప్పుడు వస్తూనే ఉంటే గొట్టం బిగింపు దగ్గర ఎక్కడో గాలి లాగుతోందని అర్థం.

ఇక అసలు లెక్క. చేపకు వేసిన మేతలోని ప్రొటీనే చివరికి అమ్మోనియా అవుతుంది. చేపల పెంపకంలో అందరూ వాడే సూత్రం ఒకటుంది: మేత బరువును అందులోని ప్రొటీన్ వంతుతో, ఆపైన 0.092తో గుణిస్తే నైట్రోజన్ రూపంలో అమ్మోనియా బరువు వస్తుంది. 45 సెంటీమీటర్ల రెడ్‌టెయిల్ కిలో పైచిలుకు తూగుతుంది. దానికి సగటున రోజుకు 20 గ్రాముల పెల్లెట్లు, 40 శాతం ప్రొటీన్ ఉన్నవి వేస్తున్నారనుకుందాం. 20 × 0.40 × 0.092 = 0.736 గ్రాములు. 1000 లీటర్లలో అది లీటరుకు 0.74 మిల్లీగ్రాములు. ఫిల్టర్‌లో పెరిగే బ్యాక్టీరియా ఈ అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. అది బాగా పట్టిన ఎఫ్‌ఎక్స్6కు ఇది సులువైన పని. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తాయి, చూపించాలి కూడా.

అదే చేప 80 సెంటీమీటర్లు అయితే పొడవు రెండింతలు కూడా కాలేదు, బరువు మాత్రం ఐదు రెట్లు దాటుతుంది. రోజుకు సగటున 60 గ్రాముల మేత అనుకున్నా అమ్మోనియా మూడింతలు. పైగా పెద్ద క్యాట్‌ఫిష్ రోజూ కొంచెం కొంచెం తినదు, మూడు నాలుగు రోజుల మేత ఒకేసారి మింగి పడుకుంటుంది. 200 గ్రాములు ఒక్క పూటలో మింగితే 7 గ్రాముల పైచిలుకు అమ్మోనియా నైట్రోజన్ ఒక రోజు అటూ ఇటూలో నీళ్లలోకి వస్తుంది. బ్యాక్టీరియా రోజువారీ సగటుకు తగ్గట్టు పెరిగి ఉంటుంది, ఇలా ఒక్కసారిగా వచ్చి పడేదానికి కాదు. అందుకే పెద్ద చేపకు మేత వేసిన మర్నాడు అమ్మోనియా పరీక్షించాలి. వారం మధ్యలో ఎప్పుడో చూసుకుని "సున్నా ఉంది" అనుకుంటే ఏమీ తెలియదు. పీహెచ్ 7 దగ్గర ఉన్న అమ్మోనియాలో విషపూరితమైన భాగం ఒక శాతంలోపే, పీహెచ్ 8 అయితే దాదాపు పదింతలు. గట్టినీళ్లు ఉన్నవాళ్లకు ఈ పరీక్ష ఇంకా ముఖ్యం.

రొయ్యలు, చేప ముక్కలు వేసేవాళ్లు లెక్క కొంచెం మార్చుకోవాలి. పచ్చి రొయ్య కండలో ప్రొటీన్ ఐదో వంతు ఉంటుంది, మిగతాది చాలావరకు నీళ్లే. కాబట్టి 100 గ్రాముల రొయ్యలు సుమారు 50 గ్రాముల పెల్లెట్లతో సమానం. మేత గురించి రెండు మాటలు ఇక్కడే: కోడి మాంసం, పశు మాంసం వద్దు, ఆ కొవ్వు చేపకు అరగదు, కాలేయానికి పట్టేస్తుంది. బతికున్న గోల్డ్‌ఫిష్‌లు వేయడం అంతకంటే చెడ్డ అలవాటు. వాటిలో ఉండే థయామినేజ్ అనే ఎంజైమ్ బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది, పైగా రోగాలు కూడా వెంట వస్తాయి. మునిగే పెల్లెట్లు ప్రధాన మేతగా, రొయ్యలు, తెల్లటి చేప కండ పక్కమేతగా ఉంటే చేపకూ మంచిది, ఫిల్టర్‌కూ మంచిది.

ఏ ఫిల్టర్ అయినా చేయలేని పని ఒకటుంది. అమ్మోనియా నైట్రేట్‌గా మారుతుంది, నైట్రేట్ మాత్రం నీళ్లలోనే పోగవుతుంది. 0.736 గ్రాముల నైట్రోజన్ 3.3 గ్రాముల నైట్రేట్ అవుతుంది. 1000 లీటర్లలో వారానికి లీటరుకు 23 మిల్లీగ్రాములు. ప్రతివారం సగం నీళ్లు మారిస్తే కొన్ని వారాలకు నైట్రేట్ ఒక చోట నిలబడుతుంది: మార్చే ముందు 46, మార్చాక 23. ముప్పావు వంతు మారిస్తే మార్చే ముందు 31 దగ్గర ఆగుతుంది. ఇదంతా పోసే నీళ్లలో నైట్రేట్ లేదనుకుంటేనే. 40 లోపు ఉంచాలంటే వారానికి సగం చాలదని ఈ అంకెలే చెబుతున్నాయి. 80 సెంటీమీటర్ల చేపకు ఇదే 1000 లీటర్లలో సగం మార్పుతో నైట్రేట్ 130 దాటుతుంది. అక్కడ రెండు ఎఫ్‌ఎక్స్6లు పెట్టినా, నాలుగు పెట్టినా ఆ అంకె ఒక్క మిల్లీగ్రాము కూడా తగ్గదు. "పెద్ద ఫిల్టర్ ఉంది, నెలకోసారి నీళ్లు మారిస్తే చాలు" అని అమ్మేవాళ్లు చెప్పే మాట క్యాట్‌ఫిష్‌ల విషయంలో పూర్తిగా తప్పు.

దీంతోపాటే వచ్చే ఇంకో చిక్కును చాలామంది పట్టించుకోరు. బ్యాక్టీరియా ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను మార్చడానికి 7 గ్రాముల పైచిలుకు క్షారత్వాన్ని, అంటే పీహెచ్ పడిపోకుండా నీళ్లలో ఉండే కార్బొనేట్లను, వాడుకుంటుంది. పైన చెప్పిన 20 గ్రాముల మేతకు రోజుకు 5 గ్రాములకు పైగా పోతుంది. మెత్తటి నీళ్లలో, అంటే క్షారత్వం లీటరుకు 50 మిల్లీగ్రాములే ఉన్నచోట, నీళ్లు మార్చకపోతే పది రోజుల్లో అది అడుగంటుతుంది. అప్పుడు పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది, బ్యాక్టీరియా పని ఆపేస్తుంది, అమ్మోనియా పోగవుతుంది. ఫిల్టర్ తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు అద్దంలా మెరుస్తుంటాయి, చేప మాత్రం మేత ముట్టదు. ఇలాంటప్పుడు తప్పు ఫిల్టర్ మీద వేస్తారు. కార్బొనేట్ కఠినత్వం చూసే కిట్ ఒకటి దగ్గర పెట్టుకోండి. ఆ సమయంలో మొత్తం నీళ్లు ఒకేసారి మార్చడం కూడా ప్రమాదమే, ఎందుకంటే పీహెచ్ ఒక్కసారి పైకి లేస్తే అప్పటిదాకా హాని చేయని అమ్మోనియా విషంగా మారుతుంది. కొద్దికొద్దిగా, ఒకటి రెండు రోజుల్లో మార్చాలి.

బిగింపు విషయానికొస్తే, ఎఫ్‌ఎక్స్6 గొట్టాలు, వాల్వులు బాగున్నాయి. మూత మీది వాల్వులు మూసి గొట్టాలు విడదీస్తే నీళ్లు కారవు. ఇబ్బంది ట్యాంకు లోపలి భాగాలతో వస్తుంది. నీళ్లు లాగే జల్లెడను, వదిలే నాజిల్‌ను రబ్బరు కప్పులతో అద్దానికి అంటించాలి. చిన్న చేపలకు అది చాలు. అరమీటరు క్యాట్‌ఫిష్ తోక విసురుకు ఆ కప్పులు ఊడిపోతాయి, ఊడిన రబ్బరు కప్పును అది మింగేస్తుంది కూడా. రెడ్‌టెయిల్ నోట్లో పట్టే ప్రతి వస్తువూ కడుపులోకి పోయేదే: కప్పులు, థర్మామీటర్, గులకరాళ్లు, చిన్న హీటర్. అందుకే కప్పులు తీసేసి, ట్యాంకు పై అంచుకు పట్టే బిగింపులతో గొట్టాలు నిలబెట్టాలి. జల్లెడ చుట్టూ రంధ్రాలు పెట్టిన లావు పీవీసీ పైపు తొడిగితే ఇంకా మంచిది. రంధ్రాలు 8–10 మిల్లీమీటర్లు ఉండి, పైపు పొడవునా పరుచుకుని ఉండాలి. తక్కువ రంధ్రాలు పెడితే ఒక్కోచోట పీల్పు పెరిగి చేప మీసాలు చిక్కుకుంటాయి.

లాగే గొట్టం అడుగుదాకా ఉంటుంది కాబట్టి బయట ఎక్కడ గొట్టం ఊడినా ట్యాంకు నీళ్లు దాదాపు అంతా నేలపాలు. దీనికి చవకైన విరుగుడు ఉంది. నీటి మట్టానికి 7–8 సెంటీమీటర్ల దిగువన లాగే గొట్టానికి 4 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వేయాలి. మట్టం అక్కడికి దిగగానే గాలి చొరబడి సైఫన్ తెగుతుంది. నాజిల్‌ను కూడా నీటి మట్టానికి కాస్త కిందే ఉంచాలి, లోతుగా దింపకూడదు. ఈ రంధ్రం వేశాక నీళ్లు మార్చే ప్రతిసారీ ముందు ఫిల్టర్ ఆపాలి, లేదంటే పంపు గాలి మింగుతుంది. రంధ్రానికి నాచు పట్టకుండా నెలకోసారి పుల్లతో పొడవాలి.

హీటర్ దగ్గర ఎఫ్‌ఎక్స్6 వాడేవాళ్లకు అదనపు శ్రమే. గొట్టం మధ్యలో బిగించే ఇన్‌లైన్ హీటర్లు చాలావరకు 12/16 లేదా 16/22 మిల్లీమీటర్ల (లోపలి/బయటి వ్యాసం) గొట్టాలకు చేసినవి. ఎఫ్‌ఎక్స్6 గొట్టం అంతకంటే లావు. కాబట్టి హీటర్ ట్యాంకులోనే పెట్టాలి, గాజుది కాక టైటానియంది అయ్యుండాలి, దానికీ పీవీసీ కవచం తొడగాలి. క్యాట్‌ఫిష్ హీటర్‌ను ఆనుకుని పడుకుంటే, పొలుసులు లేని చర్మం కాబట్టి వెంటనే కాలి పుండు పడుతుంది.

లోపలి అమరికలో చిన్న మార్పు చేస్తే క్యాట్‌ఫిష్‌కు బాగా నప్పుతుంది. బుట్టల అంచుల్లో ఉన్న స్పాంజ్‌ను అలాగే ఉంచి, మధ్యలో ముతక బయో మీడియా నింపాలి. మెత్తటి దూదిపొర వద్దు. దానితో నీళ్లు రెండు రోజులు మెరుస్తాయి, తర్వాత పేరుకున్న మలంతో అది మూసుకుపోయి ప్రవాహం సగానికి పడుతుంది. బొగ్గు కూడా రోజూ అవసరం లేదు, మందు వేశాక నీళ్లలోంచి దాన్ని తీయడానికి పనికొస్తుంది. ఇక్కడే ఒక జాగ్రత్త: పొలుసులు లేని చేపలకు రాగి, ఫార్మలిన్, మలకైట్ గ్రీన్ మందులు మామూలు మోతాదులో ప్రమాదం. సీసా మీద పొలుసులు లేని చేపలకు రాసిన మోతాదు చూడకుండా వేయొద్దు.

శుభ్రం చేయడంలో ఈ ఫిల్టర్‌కు ఉన్న గొప్ప సౌకర్యం అడుగున ఉన్న పర్జ్ వాల్వ్. మూత తీయకుండా, దానికి గొట్టం తగిలించి తెరిస్తే అడుగున చేరిన బురద బయటికి పోతుంది. క్యాట్‌ఫిష్ ట్యాంకుకు రెండు వారాలకోసారి ఇది చేస్తే పూర్తిగా విప్పి కడగడం నెలన్నర, రెండు నెలలకు ఒకసారి సరిపోతుంది. విప్పే రోజున కూడా ముందు ఈ వాల్వ్ ద్వారా నీళ్లు దించేయాలి, నీళ్లతో నిండిన డబ్బాను ఒక్కరు ఎత్తడం నడుముకు మంచిది కాదు. స్పాంజ్‌ను ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్ల కింద పెడితే బ్యాక్టీరియా చస్తుంది. స్పాంజ్ కడిగిన రోజు మధ్యలోని మీడియా జోలికి పోవద్దు, దానికి ఇంకో నెల ఆగండి.

ఇసుక అడుగు ఉన్నవాళ్లు జల్లెడను కనీసం 15 సెంటీమీటర్లు పైకి పెట్టాలి. ఎఫ్‌ఎక్స్6 పంపు డబ్బా కింది భాగంలో ఉంటుంది. రెడ్‌టెయిల్ రాత్రిపూట అడుగంతా ఊడ్చినట్టు తిరుగుతుంది, లేచిన ఇసుక ఫిల్టర్‌లోకి పోయి పంపులో తిరిగే రెక్కల చక్రాన్ని (ఇంపెల్లర్) అరగదీస్తుంది. నిజానికి ఈ చేపకు ఖాళీ అడుగే మేలు. మలం ఎక్కడుందో కనిపిస్తుంది, గొట్టంతో లాగేయవచ్చు.

కరెంటు పోయినప్పుడు కానిస్టర్ల అసలు బలహీనత బయటపడుతుంది, ఎఫ్‌ఎక్స్6 కూడా అందుకు మినహాయింపు కాదు. మూసిన డబ్బాలో బ్యాక్టీరియా ఆక్సిజన్‌ను త్వరగా వాడేస్తుంది. మురికి పట్టిన క్యాట్‌ఫిష్ ఫిల్టర్‌లో కొన్ని గంటలకే కుళ్లు మొదలవుతుంది. కరెంటు రాగానే ఆ కుళ్లు నీళ్లు, హైడ్రోజన్ సల్ఫైడ్‌తో సహా, నేరుగా ట్యాంకులోకి వస్తాయి. నాలుగైదు గంటలకు మించి ఆగితే ప్లగ్గు తీసి, పర్జ్ వాల్వ్ తెరిచి లోపలి నీళ్లు పారబోసి, స్పాంజ్ పిండి, కొత్త నీళ్లు నింపాకే మళ్లీ ఆన్ చేయాలి. ఇన్వర్టర్ ఉంటే 40 వాట్లు దానికి భారం కాదు. అది లేకపోతే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి తప్పనిసరి, ఎందుకంటే పెద్ద చేప ఊపిరి ఫిల్టర్ బాగుపడేదాకా ఆగదు.

సంప్‌తో పోలిస్తే? ట్యాంకు కింద 250–300 లీటర్ల సంప్ ఉంటే నీళ్ల మొత్తం పెరుగుతుంది, హీటర్ చేపకు అందని చోట ఉంటుంది, పైకి తెరిచి ఉండటం వల్ల గాలి కలుస్తుంది, మలం పట్టే గుడ్డ రోజూ మార్చవచ్చు. పెద్ద క్యాట్‌ఫిష్‌కు సంప్ మెరుగైన పద్ధతి అనడంలో సందేహం లేదు. కానీ ట్యాంకుకు రంధ్రం వేయాలి, పంపు ఆగినప్పుడు పైనుంచి దిగే నీళ్లకు సంప్‌లో ఖాళీ వదలాలి, జారే నీళ్ల చప్పుడు భరించాలి. ఇప్పటికే నీళ్లు నిండి, రంధ్రం లేని ట్యాంకు ఉన్నవాళ్లకు ఎఫ్‌ఎక్స్6 అందుకే నచ్చుతుంది. డబ్బు ఆదా అని చిన్నదైన ఎఫ్‌ఎక్స్4 కొనడం మాత్రం క్యాట్‌ఫిష్ పిల్ల ఉన్నవాళ్లకు తెలివైన పని కాదు, చేప పెరిగే వేగానికి అది తొందరలోనే చాలకుండా పోతుంది. రెండో ఫిల్టర్ కొన్నప్పుడు పాతదాన్ని వెంటనే తీసేయకూడదు. కనీసం ఆరు వారాలు రెండూ కలిసి తిరగాలి, అప్పటికి కొత్తదానికి బ్యాక్టీరియా పడుతుంది.

కొనే ముందు ఇంకోటి ఆలోచించండి. రెడ్‌టెయిల్ అమెజాన్, ఒరినోకో నదుల చేప. 130 సెంటీమీటర్ల పొడవు, 40 కిలోల పైచిలుకు బరువు వరకు పెరుగుతుంది. పంగాసియస్ కూడా అదే సైజుకు చేరే నదీ చేప, పైగా గుంపులో తిరిగేది, బెదిరితే అద్దాన్ని ఢీకొట్టుకుని ముక్కు పగలగొట్టుకుంటుంది. ట్యాంకును బట్టి చేప పెరుగుదల ఆగుతుందన్న నమ్మకం చాలా ప్రాణాలు తీసింది. చోటు లేక, నీళ్లు చెడి గిడసబారిన చేపకు వెన్ను వంకర్లు పోతుంది, ఆయుష్షు తగ్గుతుంది. 60 సెంటీమీటర్ల వెడల్పు ట్యాంకులో మీటరు పొడవు చేప వెనక్కి తిరగాలంటే నడుము మడుచుకోవాలి. దాన్ని ఉంచే సిమెంటు తొట్టో, చెరువులాంటి పెద్ద ట్యాంకో ముందే ఖాయం కానివాళ్లు ఈ ఫిల్టర్ కొనొద్దు, ఆ చేపా కొనొద్దు. పెరిగాక తీసుకెళ్లి నదిలోనో చెరువులోనో వదలడం దారి కాదు, అక్కడి చేపలకు అది ముప్పు. క్యాట్‌ఫిష్ మీద మనసున్నవాళ్లకు 20–30 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయే జాతులు చాలా ఉన్నాయి. వాటికి ఎఫ్‌ఎక్స్6 ఒక్కటి జీవితాంతం సరిపోతుంది.

పాత ఎఫ్‌ఎక్స్6 కొనేవాళ్లు మూడు చోట్ల చూడాలి. మూత చుట్టూ ఉండే రబ్బరు సీలు ఎండి పగుళ్లు పట్టిందా, నొక్కితే సాగుతోందా. పంపు విప్పి ఇంపెల్లర్ ఇరుసు నున్నగా ఉందా, ఇసుక గీతలున్నాయా. వాల్వులు రెండూ పూర్తిగా మూసుకుంటున్నాయా. ఆ తర్వాత నీళ్లు నింపి, పొడి కాగితాలు పరిచిన నేల మీద 24 గంటలు నడిపించాలి. ఆ వ్యవధిలో గాలి వదలడానికి అది కనీసం ఒకసారైనా తనంతట తాను ఆగి, మళ్లీ మొదలవ్వాలి. ఆగకపోయినా, ఆగి మొదలవకపోయినా పంపు సర్క్యూట్ పోయినట్టే, దాని ధర విడిగా కనుక్కున్నాకే బేరం ఆడాలి. రబ్బరు సీలు, ఇంపెల్లర్ ఒక్కొక్కటి అదనంగా కొని ఇంట్లో ఉంచుకోండి, సీలు బిగించే ముందు సిలికాన్ గ్రీజు పూయండి. వాసెలిన్ వద్దు, దానికి రబ్బరు ఉబ్బుతుంది.